మూడు మెట్ల పెట్టె

ఉస్తాద్ పోయిన సంగతి నాకు ఒక సొరుగు వల్ల తెలిసింది.

సొరుగు రావడం లేదు. పట్టి లాగాను. కాలు అడ్డం పెట్టి లాగాను. చివరికి దాన్ని బతిమాలి కూడా చూశాను. ఇక లాభం లేదని, చేసినవాణ్ణే నిలదీద్దామని ఫోన్ చేశాను. “ఏం ఉస్తాద్, మీ పనితనం ఏడాదికే మొరాయించిందే” అని మొదలుపెట్టాలని వాక్యం కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఫోన్ ఎత్తింది ఆయన కూతురు.

“అబ్బా లేరు సార్. పోయిన శుక్రవారం గుండెనొప్పొచ్చి పోయిండ్రు” అంది.

నేనేమన్నానో గుర్తులేదు. సొరుగు సంగతి మాత్రం ఎత్తలేదు. ఆ మాత్రం బుద్ధి ఆ రోజు నాకు మిగిలి ఉంది.

ఫోన్ పెట్టేసి ఆ సొరుగు ముందే చతికిలబడి కూర్చున్నాను. కాసేపటికి గుర్తొచ్చింది. దాన్ని ముందు కొంచెం పైకెత్తి, అప్పుడు లాగాలి. బండి కుదుపులకు దానంతటది తెరుచుకోకుండా ఆయన కింద చిన్న గాడి తీశాడు. “ఎత్తి గుంజుండ్రి సార్, ఉత్తగ గుంజితె రాదు” అని నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటాడు. ఎత్తి లాగాను. వెన్నముద్దలా వచ్చేసింది. ఆయన పనికి వంక పెట్టడానికి ఫోన్ చేసిన మనిషిని నేనే కదా అని నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

ఆ సొరుగున్న బండి గురించి కొంచెం చెప్పాలి. రిటైరయ్యాక కొందరు గుళ్ళు పట్టుకు తిరుగుతారు, కొందరు మోకాళ్ళు పట్టుకు కూర్చుంటారు. నేను వీడియోలు పట్టుకున్నాను. ఎక్కడో చలిదేశాల్లో కారు వెనక చిన్న ట్రైలర్ తగిలించుకుని, అందులోనే వండుకుని, అందులోనే పడుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళ వీడియోలు. ఆరు నెలలు చూశాక, బోయిన్‌పల్లిలో ఒకాయన షెడ్డులో చేయించుకున్న అలాంటి ట్రైలర్‌నే మనసు మార్చుకుని అమ్మేస్తున్నాడంటే పరుగెత్తుకెళ్ళి కొన్నాను. మనసెందుకు మార్చుకున్నారండీ అని అడగాలని నాకు తోచలేదు.

ఇద్దరు పడుకునే పరుపు, ఒక వంటగట్టు, ఒక తలుపు, రెండు కిటికీలు. లోపల నిలబడి చేతులు చాస్తే రెండు గోడలూ తగులుతాయి. కార్ఖానా బస్తీలో మా ఇంటి ముందు దాన్ని నిలబెట్టిన రోజున మా ఆవిడ లోపలికి తొంగిచూసి ఒకే మాట అడిగింది.

“సామాను పెడితె మనం యాడ కూసుంటం? మనం కూసుంటె సామాను యాడ పెడతరు?”

“అన్నిటికీ ప్లాన్ ఉంది” అన్నాను. నిజంగానే ఉంది. నేను ముప్పయ్యేళ్ళు కాలువలకీ తూములకీ డ్రాయింగులు గీసినవాణ్ణి. గ్రాఫు కాగితాల మీద ఇరవయ్యొక్క ఐడియాలు గీశాను. తలుపు వెనక చెప్పులకి జేబుల సంచి, గోడకి కత్తుల కోసం అయస్కాంతప్పట్టీ, అర కింద అయస్కాంతాలతో వేలాడే పోపుల డబ్బాలు, కప్పుకి ఉల్లిగడ్డల వల. ప్రతిదానికీ కొలతలు, పక్కన నంబరు, కింద నా సంతకం. సంతకం ఎవరూ అడగలేదు.

ఆ కాగితాలు పట్టుకుని ప్లైవుడ్ కొట్టుకి వెళితే, కొట్టతను వాటిని అటూ ఇటూ తిప్పిచూసి, “గిట్లాంటి తిక్క పనికి ఒక్కడే మనిషున్నడు సార్” అని లాలాగూడ నుంచి ఉస్తాద్‌ని పంపాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. నేనెప్పుడూ ఆయన్ని పేరుతో పిలవలేదు, ఇప్పుడు మొదలుపెట్టడం బాగుండదు. డెబ్బై దాటిన సన్నటి మనిషి. రైల్వే వర్క్‌షాపులో పెట్టెల లోపలి చెక్కపని చేసి రిటైరయ్యాడు. మెడలో దారం కట్టిన కళ్ళజోడు, చెవి మీద పెన్సిలు. జేబులో టేపు ఉంటుంది గాని తీయడు. జానతో కొలిచి, మిగిలినది వేళ్ళతో కొలిచి, “పక్కా” అంటాడు. తర్వాత నేను దొంగతనంగా టేపు పెట్టి చూసేవాణ్ణి. ఆయన జానలో తప్పు దొరికిన రోజు నాకు పండగే అనుకున్నాను. ఆ పండగ రాలేదు.

మొదటి రోజు నా డ్రాయింగులన్నీ ఓపిగ్గా చూశాడు. “మంచిగ గీసిండ్రు సార్” అన్నాడు. నేను పొంగిపోతుండగానే ఒక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చాయ్ గ్లాసు కింద పెట్టుకున్నాడు. ఆ తర్వాత బండిలోకి వెళ్ళి వట్టి నేల మీద అరగంట ఊరికే కూర్చున్నాడు. రోజుకూలీ ఇచ్చేవాణ్ణి కాబట్టి ఆ అరగంట నేను బయట పచార్లు చేశాను.

బయటికొచ్చి, “ఏమేం సామాను తీస్కపోతరో అన్నీ ఈడ పెట్టుండ్రి” అన్నాడు. వరండా నిండా పరిచాం. ఆయన ఒక్కో వస్తువునూ కాలిబొటనవేలితో చూపిస్తూ ఒకే ప్రశ్న అడిగాడు.

“దీన్ని దినానికి ఎన్నిసార్లు ముట్టుకుంటరు?”

చాయ్ గిన్నె? నాలుగుసార్లు. అది చెయ్యి చాస్తే అందాలి. దుప్పట్లు? ఒక్కసారి. పరుపు కింద. ఇడ్లీ కుక్కరు? “ఎప్పుడన్నా అవసరం పడుతుందేమోనని” అన్నాను.

“గట్లాంటిది ఇంట్ల ఉంటది సార్, బండిల ఉండదు” అని దాన్ని అవతలికి నెట్టాడు. సాయంత్రానికి మా సామానులో సగం ఇంట్లోకి తిరిగి వెళ్ళిపోయింది. మా ఆవిడ ముఖంలో చాలా రోజుల తర్వాత ఒక మగమనిషి మీద గౌరవం కనిపించింది. ఆ మనిషి నేను కాదు.

ఆయన చేసినవన్నీ చవక పనులే. బోయిన్‌పల్లి మార్కెట్లో టమాటాలు వచ్చే ప్లాస్టిక్ డబ్బాలు రెండు తెప్పించి, పరుపు కింద సొరుగుల్లా జారేటట్టు పట్టాలు బిగించాడు. ప్రతి అరకీ ముందు రెండువేళ్ళ ఎత్తున చెక్కపట్టీ కొట్టాడు. పాత సైకిల్ ట్యూబును రిబ్బన్లుగా కోసి సీసాలకీ గిన్నెలకీ నడుంపట్టీలు చేశాడు. మా ఆవిడ చేత పాత జీన్స్ ప్యాంట్ల జేబులు కోయించి, వరసగా ఒక గుడ్డ మీద కుట్టించి కిటికీ పక్కన వేలాడదీశాడు. కళ్ళజోళ్ళు, మందులు, ఫోన్లు, టార్చి అన్నీ అందులోకే. “సామాను కూసోవాలె సార్. నిలవడ్డదా, పడ్డట్టే” అనేవాడు.

నేను ఊరుకోలేదు. ఆయన వద్దన్న పోపుల డబ్బాల ఐడియా, నా డ్రాయింగు నంబరు తొమ్మిది, ఆయన శుక్రవారం జుమ్మా నమాజుకి వెళ్ళినప్పుడు నేనే బిగించేశాను. అర కింద ఎనిమిది డబ్బాలు అయస్కాంతాలకి అంటుకుని వేలాడుతుంటే ఎంత అందంగా ఉన్నాయో. తిరిగొచ్చి చూశాడు. “సరే, పరీక్ష చేద్దాం” అన్నాడు.

ఆ పరీక్ష ఆయన వర్క్‌షాపు రోజుల నుంచి తెచ్చుకున్న అలవాటు. హోటల్ నుంచి మూడు గ్లాసుల చాయ్ తెప్పించి, ఒక్కోటి ఒక్కో అర మీద, ముప్పావు నిండుగా పెట్టాడు. బండిని కారుకి తగిలించి, మా వీధి చివరి దాకా, నాలుగు స్పీడు బ్రేకర్ల మీదుగా నన్ను తోలమన్నాడు. చాయ్ ఒలికిన అర మళ్ళీ చెయ్యాలి, అదీ లెక్క. తోలుకుని వచ్చి తలుపు తీశాం. రెండు గ్లాసులు చుక్క తొణకలేదు. మూడోదాన్నుంచి కొంచెం ఒలికింది. నా ఎనిమిది డబ్బాల్లో ఎనిమిదీ పరుపు మీద ఉన్నాయి. పసుపు, కారం, ధనియాల పొడి, అన్నీ కలిసి పరుపుకి తాలింపు పెట్టినట్టుంది. నేను తుమ్ముతూనే ఉన్నాను. ఆయన నా వైపు చూడనన్నా చూడలేదు. ఒలికిన తన గ్లాసు దగ్గర కూర్చుని, “ఇది నా తప్పు” అని ఆ అర విప్పడం షురూ చేశాడు.

ఆ సాయంత్రం, పని ముగించి చేతులు కడుక్కున్నాక, తువ్వాలు భుజం మీద వేసుకుంటూ అడిగాడు.

“సార్, ఒక మాట. కూలీ కూలీనే, దానికీ దీనికీ సంబంధం లేదు. బండి మొత్తం అయినంక, మీకు ఈలున్న దినం ఒక్కరోజు మాకిస్తరా?”

“ఎక్కడికి ఉస్తాద్?”

“జహీరాబాద్. ఆడ మా ఇంటామె చెల్లెలుంటది. ఒకల మొఖం ఒకలు చూసుకొని ఆరేండ్లయింది. మా ఇంటామె మోకాళ్ళు పోయినయ్ సార్. రైలు ఎక్కలేదు, బస్సు ఎక్కలేదు. కార్ల పోదమంటే గంటకోసారి నడుం వాల్చాలె. తొవ్వల బాత్రూంకు పోవాలంటే కింద కూసోనీకి రాదు. గందుకని ఎటు పోదమన్నా వద్దంటది. గిసోంటి బండైతే పండుకుంటది, కుర్సీ బాత్రూం సుత పెట్టుకోవచ్చు. జిందగీ అంత మంది పండుకునే బెర్తులు చేసిన, మా ఆమెను ఒక్క దానిమీద పండుకోబెట్టి తీస్కపోలేదు.”

“అయ్యో, దాందేముంది ఉస్తాద్. తప్పకుండా. నేనే తోలుతాను, మీరిద్దరూ వెనక సీట్లో కూర్చోండి. ఎప్పుడంటే అప్పుడు” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను. ఇచ్చేటప్పుడు నా మాటలన్నీ నిజమే.

చివరగా ఆయన మెట్లు చేశాడు. బండి గుమ్మానికి ఆనించి పెట్టే మూడు మెట్ల పెట్టె. ప్రతి మెట్టుకీ మూత. పైమెట్టులో చెప్పులు, మధ్యదాంట్లో తాళ్ళు, కిందదాంట్లో పానాలు. ఐడియా చూసి లోలోపల కుళ్ళుకున్నాను, నా ఇరవయ్యొక్కటిలో అది లేదు. కాని ఒక లోపం కనిపించగానే ప్రాణం లేచొచ్చింది. మెట్లు మరీ పొట్టిగా ఉన్నాయి. టేపు పెట్టి చూస్తే ఒక్కోటి అయిదంగుళాలు కూడా లేదు. మెట్టు ఏడంగుళాలుండాలని నాకు తెలియదా? నా ఉద్యోగమే అది.

“ఉస్తాద్, ఈసారి మీ జాన తప్పింది” అన్నాను, ఎంతో దయగా.

“ఉండనీయుండ్రి సార్” అన్నాడు. పైమెట్టు మీద అరచేతితో రెండుసార్లు తట్టాడు, పసిదాన్ని జోకొట్టినట్టు. అంతకంటే వాదించలేదు. అవి చిన్నపిల్లల బడి మెట్లలా ఉన్నాయని మా ఆవిడ కూడా నవ్వింది. వారం తిరక్కుండా నేను మడతపెట్టే అల్యూమినియం మెట్టు ఒకటి కొనుక్కొచ్చి బండికి బిగించాను. ఉస్తాద్ చేసిన పెట్టెని వరండాలో పెట్టి, మూడు మెట్ల మీద మూడు పూలకుండీలు సర్దాను. చాలా అందంగా ఉందని వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

మా తొలి ప్రయాణం రోజు ఆయన్ని బండి చూసిపొమ్మని పిలిచాను. అసలు ఉద్దేశం మెప్పు కోసమే. ఆయన తీసేయించిన సామాను ముందురోజు నేను మెల్లగా మళ్ళీ ఎక్కించాను. ఇడ్లీ కుక్కరు, రోలు, నీళ్ళ క్యాన్లు, గ్యాసు బండ, అన్నిటినీ వెనకవైపు అరలో కుక్కేశాను, అక్కడే జాగా ఉందని. ఆయన వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనకంచు మీద ఒక కాలు పెట్టి నొక్కాడు. ముందువైపు కారుకి తగిలించే కొక్కెం గాల్లోకి లేచింది.

“ఎనుక బరువెక్కువైతే బండి తోక ఊపుతది సార్. హైవే మీద మీరు ఒకదిక్కు పోతె అది ఒకదిక్కు పోతది. బరువు చక్రాల మీద ఉండాలె, కింద ఉండాలె” అన్నాడు.

వీధిలో అందరూ చూస్తుండగా అంతా దించాం. పక్కింటాయన గేటు మీద చేతులానించి, “యాత్రకు పోతున్నరా, ఇల్లు ఖాళీ చేస్తున్నరా?” అని అడిగాడు. ఉస్తాద్ ఒక్కో వస్తువూ నా చేతికందిస్తుంటే నేను తలవంచుకుని ఇంట్లోకి మోశాను. మూడోసారి మోస్తున్నప్పుడు వెనక్కి చూస్తే ఆయన వరండాలో పూలకుండీల ముందు నిలబడి ఉన్నాడు. ఏదో చెప్పబోయాను.

“నీళ్ళు కారితే కట్టె ఉబ్బుతది సార్” అన్నాడు. అంతే. కుండీల కింద పెట్టమని మా ఆవిడ చేతికి మూడు ప్లైవుడ్ ముక్కలిచ్చి వెళ్ళిపోయాడు.

ఆయన మాట తీసుకున్న ఆ ఒక్కరోజు సంగతికొస్తాను. రాయకుండా దాటేద్దామని రెండు పేజీలుగా చూస్తున్నాను. మొదట మా ప్రయాణం కానీ అన్నాను. అయింది. తర్వాత వానలు వెలియనీ అన్నాను. వెలిశాయి. తర్వాత టైరు మార్చాలి, తర్వాత కిటికీ తెరలు కుట్టించాలి, తర్వాత మా తమ్ముడివాళ్ళు అడిగారు, ముందు వాళ్ళకి. నిజం చెప్పాలంటే ఇవేవీ కావు. కొత్త పరుపు మీద బయటివాళ్ళు పడుకోవడం, ఆ కుర్చీ బాత్రూం మా బండిలో పెట్టడం నాకు మనసొప్పలేదు. అదీ అసలు సంగతి. నా అంత పెద్దమనిషికి అంత చిన్న మనసు ఏ అరలో పట్టిందో తెలియదు.

ఆయన రెండోసారి అడగలేదు. నడుమ రెండుమూడుసార్లు ఏదో బిగించడానికి వచ్చాడు. పోయేటప్పుడు, “బండి మంచిగున్నదా సార్?” అనేవాడు. “బ్రహ్మాండంగా ఉంది. మీ జహీరాబాద్ సంగతి గుర్తుంది ఉస్తాద్, వచ్చే నెల” అనేవాణ్ణి. “తొందరేం లేదు” అనేవాడు.

సొరుగు తెరుచుకున్న మర్నాడు నేనూ మా ఆవిడా లాలాగూడ వెళ్ళాం. సన్నని గల్లీలో చిన్న ఇల్లు. గుమ్మం ముందు కాలు ఎత్తబోయి ఆగిపోయాను. మా వరండాలో కుండీలు మోస్తున్న పెట్టెకి తోబుట్టువు అక్కడ ఉంది. అవే మూడు మెట్లు, అదే పొట్టి ఎత్తు. నడిమెట్టు అరిగి నున్నబడి ఉంది. జేబులో టేపు ఉంది గాని తీయలేదు, జానతో కొలిచాను. నా జన్మలో మొదటిసారి.

ఆయన జాన తప్పలేదు. ఆయన భార్య మోకాలు ఎంతవరకు లేస్తుందో అంతే ఎత్తు. నేను ఎప్పుడంటే అప్పుడు అన్న మాట నమ్మి, ఆమె కోసం మా బండికి ఆయన మెట్లు చేశాడు. నేను వాటిమీద చామంతులు పెంచాను.

ఆమె ఇద్దత్‌లో ఉంది. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు గడప దాటరు, పరాయి మగవాళ్ళకి కనబడరు. నేను ముందుగదిలో కూర్చున్నాను. మా ఆవిడ లోపలికి వెళ్ళింది. పరదా వెనక నుంచి ఆమె గొంతు నాకు వినబడుతోంది.

“బండి మంచిగ నడుస్తున్నదా బిడ్డా? ఆయన రోజు దాని ముచ్చటనే చెప్పేది. వచ్చే జుమ్మాకు పోతం, వచ్చే జుమ్మాకు పోతం అని. చెల్లెకు ఫోన్ల సుత చెప్పిండు. నేను సంచి సర్దుకొని పెట్టుకున్న. సార్‌కు ఈలు కాలేదంట గద, పనులుంటయ్ పాపం.”

పాపం అన్నది నన్ను. ఆ గదిలో ఎటు చూడాలో తెలియక ఆయన చేసిన అర వైపు చూశాను. దానికి కూడా ముందు రెండువేళ్ళ పట్టీ ఉంది. ఇల్లు ఎక్కడికీ కదలదు కదా, దానికెందుకో.

ఇంటికి రాగానే మా ఆవిడ కుండీలు మూడూ తనే దించి, పెట్టెని గుడ్డతో తుడిచి, “మీ అల్యూమినియం మెట్టు పీకేయండి” అంది. పీకేశాను. పెట్టె అడుగు కొంచెం ఉబ్బింది. ఆయన చెప్పినట్టే.

ఆమె నాలుగు నెలల పది రోజులు ముగిసేదాకా నేను ఎదురుచూశాను. ఆయన్ని ఎన్నాళ్ళు ఎదురుచూసేలా చేశానో అందులో సగం కూడా కాదది. వారం, నెల అని అలవోకగా విసిరే మనిషికి ఒక్కో రోజు ఎంత పొడుగుంటుందో తెలిసొచ్చింది. అన్నాళ్ళూ బండిని ఎవరికీ ఇవ్వలేదు. పరుపు ఎండబెట్టాను. కుర్చీ బాత్రూం కొని, దానికి జాగా చెయ్యడానికి నా గ్రాఫు కాగితం తీశాను. తర్వాత ఆ కాగితం పక్కన పడేసి, బండిలోకి వెళ్ళి నేల మీద అరగంట ఊరికే కూర్చున్నాను. జాగా కనబడింది.

పోయిన వారం జహీరాబాద్ బయల్దేరాం. కూతురూ తల్లీ కారు వెనక సీట్లో, మేమిద్దరం ముందు. గంట గడవగానే, ఊరు దాటి ఒక చింతచెట్టు కింద ఆపాను. బండి గుమ్మానికి మూడు మెట్ల పెట్టె ఆనించి, కదలకుండా రాయి పెట్టాను. ఆమె కారు దిగి, కూతురి భుజం పట్టుకుని మెల్లగా నడిచొచ్చింది. ఇన్నేళ్ళుగా నాకు ఏ మర్యాదా సమయానికి గుర్తురాలేదు గాని, ఆ క్షణాన గుర్తొచ్చింది. ముందుకెళ్ళి, ఎక్కడానికి ఆసరాగా చెయ్యి చాచాను.

ఆమె మెట్ల వైపు చూసింది. కూతురి భుజం వదిలేసింది. ఒక్కొక్క మెట్టే, దేన్నీ పట్టుకోకుండా, తన ఇంట్లోకి పోతున్నట్టు పైకెక్కి గుమ్మంలో నిలబడింది. అప్పుడు నా చెయ్యి చూసింది.

“చెయ్యెందుకు సార్, మెట్లున్నయ్ గద” అంది.

చాచిన చెయ్యి ఏం చెయ్యాలో తోచక, తలుపు పట్టుకోవడానికే వచ్చినవాడిలా తలుపు పట్టుకుని నిలబడ్డాను.